ట్యూబు మీద ఏం రాసుంది?

ఊరగాయ జాడీలో తడి గరిటె ముంచితే ఏమవుతుంది? నాలుగు రోజులకు పైన తెల్లగా బూజు పడుతుంది. వానాకాలంలో మూలన పడేసిన తోలు చెప్పులకు బూజు పడుతుంది. ఆరీ ఆరని బట్టలు మడత పెడితే వాటి మీద నల్లటి చుక్కలు లేస్తాయి. అదీ బూజే. బూజు పెరగాలంటే తడి కావాలి. వెచ్చదనం కావాలి. గాలీ వెలుతురూ తగలని చోటు కావాలి.

ఇవన్నీ మన వొంటి మీద కూడా ఉంటాయి. లంగా బొందు కట్టే చోట ఉంటాయి. రొమ్ముల కింద, చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ళ సందుల్లో ఉంటాయి. అందుకే అక్కడా బూజు లాంటిదే ఒకటి పెరుగుతుంది. దాన్ని డాక్టర్లు ఫంగస్ అంటారు. అది తెచ్చే జబ్బును మనం తామర అంటాం.

చెరువులో పూసే తామర వేరు. ఈ తామర వేరు. ఇది మొదట శనగగింజంత ఎర్రటి మచ్చగా వస్తుంది. తర్వాత రూపాయి బిళ్ళంత అవుతుంది. ఆ తర్వాత గాజంత అవుతుంది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. అంచు మీద పొట్టు రేగుతుంది. మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. చెమట పట్టిందంటే చాలు, ఒకటే దురద.

బల్లి పడితే తామర వస్తుందని కొందరంటారు. ఏదో పాపం చేస్తే వస్తుందని కొందరంటారు. రెండూ నిజం కాదు. మన చర్మం పైపొరలో, గోళ్ళలో, వెంట్రుకల్లో కెరాటిన్ అనే పదార్థం ఉంటుంది. ఫంగస్ దాన్ని తిని బతుకుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఒకే తువ్వాలు నలుగురు తుడుచుకుంటే అంటుకుంటుంది. ఒకే దుప్పటి కప్పుకుంటే అంటుకుంటుంది. కుక్కపిల్లల నుంచీ, పిల్లుల నుంచీ, దూడల నుంచీ కూడా రావచ్చు.

తామరకు మందు ఉంది. మందుల షాపులో దొరుకుతుంది. అయితే అదే షాపులో, అలాంటి ట్యూబులోనే, తామరను పెంచే మందు కూడా దొరుకుతుంది. ఈ పాఠం ఆ రెండింటి గురించి.

రత్తమ్మ సంగతి

ఆమె పేరు రత్తమ్మ అనుకుందాం. ఊరు గోదావరి డెల్టాలో ఏ ఊరైనా కావచ్చు. సార్వా ఊడ్పులు మొదలయ్యాయి. రత్తమ్మ తెల్లారేసరికి చేలో దిగేది. చీర ఎగ్గట్టేది. మోకాళ్ళ దాకా బురద. పైనుంచి వాన. నడుముకు తడి లంగా. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆ తడి లంగాయే వొంటి మీద ఉండేది. ఇంటికొచ్చాక మాత్రం వెంటనే మారుస్తుందా? పొయ్యి వెలిగించాలి. పిల్లకు అన్నం పెట్టాలి. గేదెకు గడ్డి వెయ్యాలి.

నెల తిరక్కుండానే నడుము చుట్టూ దురద మొదలైంది. గజ్జల్లో కూడా మచ్చలు లేచాయి. నాట్లు వేస్తూ నలుగురిలో గోక్కోలేదు. రాత్రి చీకట్లో గోక్కునేది. ఎవరికీ చెప్పలేదు. అలాంటి చోట జబ్బొస్తే ఆడదాన్ని ఏమనుకుంటారో అని భయం. మొగుడికీ తొడల మీద అదే దురద ఉంది. ఆయనా చెప్పలేదు. ఒకే మంచం మీద ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు గోక్కున్నారు!

చివరికి తోడికోడలు కనిపెట్టింది.

"అక్కా, మా ఆయనకీ ఇలాగే వచ్చింది. షాపులో అడిగితే ఈ ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో హాయిగా ఉంది. నువ్వూ రాసుకో" అంది.

రత్తమ్మ రాసుకుంది. నిజంగానే రెండు రోజుల్లో దురద పోయింది. అయిదో రోజుకు ఎరుపు తగ్గింది. రత్తమ్మ మందు ఆపేసింది. పది రోజులకు దురద మళ్ళీ వచ్చింది. ఈసారి మచ్చ ఇంకా పెద్దది. మళ్ళీ ట్యూబు కొంది. మళ్ళీ తగ్గింది. ఆపితే మళ్ళీ వచ్చింది. అలా మూడు నెలలు గడిచాయి. మచ్చలు గుండ్రంగా లేవు ఇప్పుడు. ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లగా పరుచుకున్నాయి. గజ్జల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడింది. కాన్పయ్యాక పొట్ట మీద చారలు పడతాయే, అలాంటి చారలు పడ్డాయి.

పక్కలో పడుకునే నాలుగేళ్ళ పిల్లకు బుగ్గ మీద ఒక రింగు లేచింది. తలలో ఒకచోట జుట్టు ఊడింది.

అంగన్వాడీలో టీకాల రోజు నర్సమ్మ పిల్లను చూసింది.

"బుగ్గ మీద ఏంటమ్మా ఇది? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

రత్తమ్మ తల దించుకుంది. "నాకూ ఉందండి. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

"కాలికి ముల్లు గుచ్చుకుంటే సిగ్గుపడతామా? ఇదీ అంతే. ఏం రాస్తున్నావు?"

"ట్యూబండి."

"ఏ ట్యూబు?"

రత్తమ్మకు పేరు తెలియదు. పచ్చరంగు డబ్బా అని చెప్పింది. నర్సమ్మ ఇంటికి పంపించి ట్యూబు తెప్పించింది. దాని మీద రాసింది చదివింది.

"ఇందులో ఒక మందు కాదు రత్తమ్మా, మూడు మందులున్నాయి. ఒకటి తామరకు. ఒకటి చీము పుండ్లకు. మూడోది స్టెరాయిడ్. నీ కొంప ముంచింది ఆ మూడోదే."

స్టెరాయిడ్ ఏం చేస్తుంది?

ఇంట్లో దొంగ దూరాడు. కుక్క మొరుగుతోంది. మొరుగుడుకు మనకు నిద్ర పట్టడం లేదు. మనం లేచి దొంగను పట్టుకోకుండా కుక్కకు మత్తు పెట్టాం అనుకోండి. ఇల్లంతా నిశ్శబ్దం. హాయిగా నిద్ర పడుతుంది. దొంగకూ హాయే!

తామర వచ్చినప్పుడు దురద, ఎరుపు ఎందుకు వస్తాయి? వొంట్లోని కాపలా శక్తి ఫంగస్‌తో పోట్లాడుతుంది కాబట్టి వస్తాయి. స్టెరాయిడ్ ఆ పోట్లాటను ఆపేస్తుంది. దురద పోతుంది. ఎరుపు పోతుంది. రోగం పోయిందనుకుంటాం. ఫంగస్ మాత్రం అడ్డం లేకుండా పాకుతుంది. ఆ ట్యూబులో తామర మందు కూడా ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ దురద పోగానే మనం రాయడం ఆపేస్తాం. ఫంగస్ చావకముందే మందు ఆగిపోతుంది. కాపలా కూడా నిద్రలోనే ఉంది.

పైగా స్టెరాయిడ్ మచ్చ రూపాన్ని మార్చేస్తుంది. గుండ్రటి అంచు చెరిగిపోతుంది. అప్పుడు డాక్టరు చూసినా అది తామరో మరొకటో వెంటనే పోల్చుకోవడం కష్టమవుతుంది. చాలా రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది. గజ్జల్లో, చంకల్లో చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. ముఖానికి రాస్తే ముఖం ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. తెల్లబడతామని ఇలాంటి క్రీములు ముఖానికి పూసుకునే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మరి స్టెరాయిడ్ చెడ్డ మందా? కాదు. కొన్ని చర్మ జబ్బులకు అదే సరైన మందు. డాక్టరు చూసి, ఎన్ని రోజులు రాయాలో చెప్పి ఇస్తారు. తామరకు మాత్రం అది పనికిరాదు.

జోల్, సోల్

ట్యూబు మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది. ఆ పేరుతో మనకు పని లేదు. ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. ఒక్కోసారి దాదాపు ఒకే పేరుతో రెండు ట్యూబులుంటాయి. ఒకదానిలో స్టెరాయిడ్ ఉండదు. రెండో దానిలో ఉంటుంది. పేరు చివర ఒక చిన్న మాటో ఒక అక్షరమో ఎక్కువ ఉంటుంది, అంతే. రంగు చూసి కొనేవాళ్ళు అక్కడే మోసపోతారు.

మనం చూడాల్సింది ఆ పేరుకు కిందో, డబ్బా పక్కనో చిన్న అక్షరాలతో రాసిన మందు పేరు. చిక్కేమిటంటే అది చాలా ట్యూబుల మీద ఇంగ్లీషులోనే ఉంటుంది. కొనేది తెలుగు ఆడవాళ్ళు, రాసేది ఇంగ్లీషులో! అయినా దారి ఉంది. బడికెళ్ళే పిల్లను పిలవండి. మెల్లగా, అక్షరం అక్షరం పలకమనండి. పలికింది పలికినట్టు మీ నోటుబుక్కులో తెలుగులో రాసుకోండి. ఇప్పుడు మీరే చదవండి.

తామరను చంపే మందులు ఇలా ఉంటాయి:

క్లోట్రిమజోల్. మైకోనజోల్. కీటోకోనజోల్. లులికోనజోల్.

చివర ఏముంది? జోల్ ఉంది. జోల్ లేని తామర మందు కూడా ఉంది. దాని పేరు టెర్బినాఫిన్. అది గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు స్టెరాయిడ్ల పేర్లు చదవండి:

బెటామెథసోన్. బెక్లోమెథసోన్. మొమెటసోన్. క్లోబెటసోల్. ఫ్లూసినోలోన్.

చివర సోన్, సోల్, లోన్ ఉన్నాయి. ఈ లోన్ బ్యాంకువాళ్ళు ఇచ్చే లోను కాదు. కానీ దీనికీ వడ్డీ గట్టిగానే కట్టాలి.

క్లోట్రిమజోల్, క్లోబెటసోల్. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూడండి. రెండూ క్లో తోనే మొదలవుతాయి. రెండూ ఓల్ తోనే ముగుస్తాయి. గబగబా పలికితే చెవికి ఒకేలా వినిపిస్తాయి. మొదటిది తామరను చంపుతుంది. రెండోది రాసే స్టెరాయిడ్లలో చాలా బలమైనది. చివరి అక్షరాలు చూడండి. ఒకచోట జో. ఒకచోట సో. మధ్యలో ఒకచోట ట్రి. ఒకచోట బె. ఈ అక్షరాలు మీరు దిద్దినవే.

మందు పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. క్లోట్రిమజోల్ పక్కన 1 శాతం అని ఉంటుంది. అంటే 100 గ్రాముల క్రీములో 1 గ్రాము మందు. క్లోబెటసోల్ పక్కన 0.05 శాతం అని ఉంటుంది. అంకె చిన్నది కదా అని మందు చిన్నది అనుకోవద్దు. చిటికెడు కారం చాలదా నోరు మండడానికి?

ఒకే ట్యూబు మీద రెండు మూడు పేర్లుంటే అన్నీ చదవాలి. మొదట జోల్ కనిపించిందని అక్కడ ఆగిపోవద్దు. రత్తమ్మ ట్యూబులో కూడా మొదటి పేరు జోల్‌దే. తర్వాత పేర్లలో సోన్ గానీ, సోల్ గానీ, లోన్ గానీ ఉంటే ఆ ట్యూబు వెనక్కి ఇచ్చెయ్యండి. "స్టెరాయిడ్ లేని తామర మందు ఇవ్వండి" అని అడగండి. ఆ మాట అడిగితే షాపు అబ్బాయి మీ ముఖం వంక ఒకసారి చూస్తాడు. చూడనివ్వండి.

ఇంకో మాట. ఇది వొంటికి రాసే ట్యూబుల సంగతి మాత్రమే. కడుపు మంటకు మింగే ఒమెప్రజోల్ పేరు చివర కూడా జోల్ ఉంది. అది తామర మందు కాదు.

కొనే ముందు తేదీ కూడా చూడండి. గడువు దాటిన ట్యూబు తీసుకోవద్దు. సర్కారు దవాఖానాలో తామర క్రీము ఉంటే ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. మందు పేరు తెలిసినవాళ్ళకే ఆ తేడా ఉపయోగపడుతుంది.

చట్టం ఏమంటుంది?

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. చర్మవ్యాధుల డాక్టర్లు అంతకుముందు ఏళ్ళ తరబడి ఈ మాట అడుగుతూ వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో 328 రకాల కలగలుపు మందులను ప్రభుత్వం నిషేధించింది. స్టెరాయిడ్, తామర మందు కలిపిన క్రీములు కొన్ని అందులో ఉన్నాయి. అయినా అన్ని కలగలుపులూ పోలేదు. కొన్ని ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి. చీటీ అడగకుండా ఇచ్చే షాపులూ ఉన్నాయి. చట్టం ఢిల్లీలో రాశారు. ట్యూబు మన చేతికి వచ్చేది ఊరి సెంటర్లో. అక్కడ చదివేవాళ్ళు కావాలి.

డబ్బా మీద ఎర్ర గీత ఉంటే ఆ మందు డాక్టరు చెప్పకుండా వాడకూడదని గుర్తు.

మందు ఎలా రాయాలి?

సరైన ట్యూబు కొన్నా, సరిగా రాయకపోతే తామర పోదు. చాలామంది మచ్చ మధ్యలో ఇంత క్రీము పెట్టి రుద్దుతారు. ఫంగస్ మధ్యలో లేదు. అంచులో ఉంది. అంచు దాటి కంటికి కనపడనంత దూరం కూడా పాకి ఉంటుంది. అందుకని అంచుకు బయట రెండు వేళ్ళ వెడల్పు వదిలి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. బయటి నుంచి లోపలికి రాసుకుంటూ రావాలి.

ముందు ఆ చోటు కడగాలి. మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దాలి. పీచుతో, ఇటుక రాయితో రుద్దొద్దు. చర్మం గీరుకుపోతే మందు మండుతుంది. మందు రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎంత రాయాలి? చూపుడు వేలు చాపండి. చివరి గీత నుంచి వేలి కొస దాకా క్రీమును ఒక వరసగా పిండండి. అది దాదాపు అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఇప్పుడు లెక్క వెయ్యండి. పూటకు అర గ్రాము. రోజుకు రెండు పూటలు. రోజుకు ఎంత? ట్యూబులో 15 గ్రాములుంటే ఎన్ని రోజులు వస్తుంది? రెండు అరచేతులంత మచ్చకు ట్యూబు నెల రోజులు వచ్చిందంటే మందు తక్కువ రాశారన్నమాట.

ఎన్నాళ్ళు రాయాలి? ఇక్కడే అందరూ జారిపోతారు. క్లోట్రిమజోల్ లాంటి మందు రాస్తే దురద రెండు రోజుల్లో పోదు. వారం, పది రోజులు పట్టవచ్చు. అందుకే "ఈ మందు పనిచెయ్యలేదు, ఆ పచ్చ డబ్బానే నయం" అంటారు. ఓపిక పట్టాలి. మచ్చ కంటికి కనపడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. మొత్తం నెల పైన పడుతుంది. కలుపు పైన కోస్తే చాలదు కదా. వేరు పీకితేనే పోతుంది.

పాత రోజుల నుంచీ ఉన్న మందు ఇంకొకటి ఉంది. దాని పేరు వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్. బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, శాలిసిలిక్ ఆమ్లం 3 శాతం కలిపి చేస్తారు. చవకైనది. మందపాటి చర్మం మీద, అరికాళ్ళ మీద బాగా పనిచేస్తుంది. గజ్జల్లో, పచ్చిపుండు మీద రాస్తే భగ్గున మండుతుంది. అక్కడ రాయొద్దు. ముఖానికీ వద్దు.

కిరసనాయిలు, సున్నం, వెల్లుల్లి ముద్ద, బ్యాటరీ నీళ్ళు. తామరకు ఇవన్నీ రాసేవాళ్ళున్నారు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి. తామర పోకపోగా కాలిన పుండు మిగులుతుంది.

బట్టల సంగతి

మగవాళ్ళ బనియన్లు, లుంగీలు వాకిట్లో దండెం మీద ఎండుతాయి. మరి ఆడవాళ్ళ లోబట్టలు ఎక్కడ ఎండుతాయి? చీర కింద దాక్కుని ఎండుతాయి. తలుపు వెనకాల ఎండుతాయి. అసలు ఎండనే ఎండవు. పొద్దున అదే చెమ్మతో వేసుకుంటాం. ఎవరైనా చూస్తారని సిగ్గు. ఎండ తగిలితే బట్టల మీది తడీ, ఫంగసూ రెండూ పోతాయి. ఆ ఎండను సిగ్గు అడ్డుకుంటోంది. నెలసరి గుడ్డలదీ ఇదే కథ. ఈ విషయం మీ కేంద్రంలో ఆడవాళ్ళంతా ఒకసారి గట్టిగా మాట్లాడుకోవాలి.

తామర ఉన్నవాళ్ళ బట్టలు, తువ్వాలు, దుప్పటి విడిగా పెట్టాలి. వేడినీళ్ళలో నానబెట్టి ఉతకాలి. తిరగేసి ఎండలో ఆరెయ్యాలి. లంగా బొందు రోజూ ఒకే చోట బిగించి కట్టకండి. కాస్త పైకి, కాస్త కిందికి మార్చండి. వదులుగా కట్టండి. పొలం నుంచి రాగానే తడి బట్ట మార్చుకోండి. పొయ్యి అయిదు నిమిషాలు ఆగుతుంది.

ఇంట్లో ఎంతమందికి దురద ఉంటే అంతమందీ ఒకేసారి మందు వాడాలి. ఒకరికి తగ్గి, ఇంకొకరికి ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది. రత్తమ్మ మొగుడిని కూడా నర్సమ్మ పిలిపించింది. ఆయన ముందు రానన్నాడు. "ఆయన రాకపోతే నీకు మందు ఇచ్చినా దండగే" అని నర్సమ్మ కబురు పంపింది. మర్నాడు వచ్చాడు.

ట్యూబు చాలనప్పుడు

తలలో వచ్చే తామరకు ట్యూబు పనిచెయ్యదు. ఫంగస్ వెంట్రుక లోపల, దాని మొదట్లో ఉంటుంది. పైన రాసే మందు అంత లోపలికి పోదు. పిల్లలకు తలలో గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు లేస్తుంటే డాక్టరుకు చూపించాలి. నోటి మందు కావాలి. గోళ్ళు మందంగా, పసుపుపచ్చగా అయి పొడిపొడిగా రాలుతుంటే దానికీ చాలాసార్లు నోటి మందే కావాలి. అది నెలల తరబడి మింగాలి.

వొళ్ళంతా పాకినా, రెండు వారాలు సరైన మందు సరిగా రాసినా ఏమీ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇప్పుడు మన దేశంలో తామర పూర్వంలా లేదు. మొండిదయింది. 2020లో శాస్త్రవేత్తలు ఒక రకం తామర ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశం పేరు ఉంది. టెర్బినాఫిన్ మందుకు ఇది చాలాసార్లు లొంగడం లేదు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో కనిపిస్తోంది. స్టెరాయిడ్ కలిపిన క్రీములు రాయడం, మందు మధ్యలో ఆపెయ్యడం దీనికి తోడయ్యాయని చర్మ డాక్టర్లు అంటున్నారు. తోడికోడలు ఇచ్చిన ఒక్క ట్యూబు వెనక ఇంత కథ ఉంది.

మాటిమాటికీ తామర వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఫంగస్ జబ్బులు సులువుగా వస్తాయి. కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఏ ట్యూబైనా డాక్టరునో నర్సమ్మనో అడిగే వాడాలి.

ప్రతి దురదా తామర కాదు. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో పొక్కులు లేచి, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దానికి మందు వేరు. మెడ మీద, వీపు మీద తెల్లగా, సన్నటి పొట్టుతో వచ్చేది శోభి. అదీ ఫంగస్సే, జోల్ మందుకు తగ్గుతుంది. కానీ చర్మం రంగు మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది. మందు పనిచెయ్యలేదని కంగారు పడొద్దు. తెల్లగానో ఎర్రగానో మచ్చ ఉండి, దురద లేకుండా, అక్కడ గిల్లినా తెలియకపోతే మాత్రం ఏ ట్యూబూ రాయొద్దు. అది కుష్ఠు కావచ్చు. వెంటనే సర్కారు దవాఖానాకు వెళ్ళాలి. మందు ఉచితం. తొందరగా వెళితే పూర్తిగా నయమవుతుంది, చేతులు కాళ్ళు వంకర పోవు.

రత్తమ్మకు డాక్టరు పచ్చ డబ్బా ఆపించాడు. "ఆపగానే కొన్నాళ్ళు దురద ఇంకా ఎక్కువవుతుంది. భయపడి మళ్ళీ అది రాయొద్దు" అని ముందే చెప్పాడు. అలాగే అయింది. ఒక వారం నిద్ర లేదు. నోటి మందు, స్టెరాయిడ్ లేని క్రీము రెండు నెలలు వాడింది. మచ్చలు పోయాయి. పిల్ల తలలో జుట్టు మొలిచింది. రత్తమ్మ గజ్జల్లో చారలు మాత్రం అలాగే ఉన్నాయి.

చదవండి, చెప్పండి

కింద అయిదు ట్యూబుల మీది పేర్లున్నాయి. పైకి చదవండి. తామరకు ఏవి కొనవచ్చు? ఏవి వెనక్కి ఇవ్వాలి?

మైకోనజోల్.
క్లోబెటసోల్.
టెర్బినాఫిన్.
క్లోట్రిమజోల్, బెక్లోమెథసోన్.
లులికోనజోల్.

ఇప్పుడు మీ ఇంట్లో గూట్లోనో, దిండు కిందో, ట్రంకుపెట్టెలోనో ఉన్న ట్యూబు తియ్యండి. దాని మీది పేరు పిల్లల చేత చదివించి నోటుబుక్కులో రాయండి. రేపు కేంద్రానికి తీసుకురండి.